తూకం

పార్క్‌లేన్‌లో మూడో అంతస్తు, లిఫ్టు పక్క షాపు.
జుబేర్ భాయ్ అద్దం బల్ల మీద
నాలుగు ల్యాప్‌టాప్‌లు తెరిచిపెట్టిండు.

నా చేతిలో చీటీ:
ర్యామ్ ఎనిమిది, ఎస్ఎస్‌డీ రెండొందల యాభై ఆరు,
కోఠి కాలేజీ సీనియరక్క రాసిచ్చింది.
అమ్మది ఇంకో చీటీ.
ఇరవై ఐదు వేలది, జూన్‌లోనే తొందరపడి పాడితే
పంతొమ్మిది వేలు చేతికొచ్చింది.
కట్టేది మాత్రం ఇంకా పదకొండు నెలలు.

"కిలో నాలుగొందలే అమ్మా, పువ్వు లెక్క" అన్నడు భాయ్.
అమ్మ అందుకుంది.
మోండా మార్కెట్ల పంతొమ్మిదేండ్లు
బెండకాయలు జోకిన చెయ్యి.
ఒక్కసారి ఊరికే పైకి కిందికి ఆడించి
"కిలో ఆరొందల యాభై" అన్నది.
నేను సిగ్గుతో గోడమీది క్యాలెండర్ చూసిన.
భాయ్ నవ్వుకుంట
కొరియర్ డబ్బాలు తూచే మిషన్ మీద పెట్టిండు.
ఒకటి పాయింట్ ఆరు నాలుగు.
మూల కూర్చున్న పిలగాడు
స్క్రూడ్రైవర్ కిందపెట్టి మరీ చూసిండు.

"తీగ గూడ పెట్టు.
ఆ నల్ల ఇటుక
కాలేజీకి తనంతల తాను నడిచొస్తదా?"

మౌలాలి నుంచి కోఠి బస్సు అమ్మకు తెలుసు.
టికెట్టు సున్నా, నిలబడ చోటూ సున్నా.
ఒక చెయ్యి కడ్డీకి, ఒక భుజం సంచికి.
"పొద్దున పావుకిలో,
పొద్దుగూకితే పావుమణుగు" అన్నది
నాకో, మిషన్‌కో.

రెండోది చూస్తే నా ప్రాణం అక్కడే ఆగింది.
మీటల కింద ఎర్రలైట్లు, అంచులకు వెలుగు.
అమ్మ వంగి చూసి
"టమాటల మీద ఎర్రగొడుగు పట్టినట్టుంది" అన్నది.
ఎర్రగొడుగు ఎందుకు పడతరో తెలిసినదాన్ని,
ఇంక ఏమంట?

మూడోదాని ధర విని మూసేసినం.

నాలుగోది చిన్నది, బూడిద రంగు.
ఒక మూల గీత. 'ఎ' మీట మీద అక్షరం సగం అరిగింది,
ఎవరో చాలాసార్లు తమ పేరు కొట్టుకున్నట్టు.
పైన కెమెరా కన్ను మీద
మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు.
భాయ్ గోటితో గీకబోయిండు.
"ఉండనియ్" అన్నది అమ్మ.
"ఎవలో ఆడపిల్ల. జాగ్రత్త గల్లది."
చేతిలోకి తీసుకుని, "కిలో రెండొందలు. ఇదే."
ర్యామ్ సంగతి నేనే అడిగిన. ఎనిమిదే.

ఇరవై ఒకటి చెప్పిండు. రెండుసార్లు మెట్లదాకా పోయొచ్చినం.
పద్దెనిమిదిన్నర.
అన్నీ వందలు, యాభైలు. లెక్కపెట్టేలోపు
భాయ్ మాకు చాయ్ తెప్పియ్యాల్సొచ్చింది.
"బ్యాటరీ నాలుగు గంటలు పక్కా" అన్నడు.
"నేనూ నిన్నటి చిక్కుడుకాయ
ఇయ్యాల్టిదనే అంట" అన్నది అమ్మ.
బ్యాగు ఐదొందలంటే వినపడనట్టే ఉండి
బియ్యపు సంచిలో పెట్టింది.
అడుగున కొత్తిమీర వేరొకటి ఉండిపోయినట్టుంది,
ఇంటికొచ్చి తెరిస్తే
మొదట వాసనే వచ్చింది.

రాత్రి తొమ్మిదీ పదికి తీగ పీకేసి
పరీక్షకు కూర్చున్నది అమ్మ.
నేను నా పేరు కొట్టిన, కుసుమలత.
అరిగిన 'ఎ' రెండుసార్లు నొక్కితేగానీ పలకలేదు.
అమ్మ ఎల్లిగడ్డలు విడదీస్తుంది, గోడగడియారం చూస్తుంది,
మధ్యలో ఒక కునుకు తీస్తుంది.
పన్నెండుకు తెర ఆరిపోయింది.

"గంటా పది నిమిషాలు కొట్టిండు."
గొంతులో కోపం లేదు.
మార్కెట్ల పక్క తట్టామె
తూకంలో వేలు పెట్టినప్పుడు నవ్వే నవ్వు.
"నేనైతే గంటనే కొడుదును."

ఆరిన తెరలో ఆమె మొహం కనబడింది.
ఆ ఎవలో పిల్ల బొట్టు
సరిగ్గా నుదుట కాదు, కొంచెం పక్కకు,
పాపిట కాడ.

"చూసింది చాలు, తీగ పెట్టవే" అన్నది.